నాలుక పురుగులు: మానవ ఆరోగ్యం, దక్షిణ రాయలసీమ పరిస్థితులు

## నిర్వచనం

నాలుక పురుగులు వెన్నెముక గల జంతువుల శ్వాసమార్గంలో బతికే పరాన్నజీవులు. శాస్త్రీయంగా ఈ సమూహాన్ని పెంటాస్టోమిడా అంటారు. కుక్క ముక్కులో ఉండే జాతి చదునుగా, ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉండి నాలుకను పోలి ఉంటుంది. ఆ రూపం వల్లే సమూహానికంతా ఈ పేరు వచ్చింది. మనిషి నాలుకతో వీటికి సంబంధం లేదు. చేప నాలుకను హరించి దాని స్థానంలో కూర్చునే సైమోథోవా అనే సముద్రజీవి కూడా వేరే. ఆ చేప బొమ్మలు చూసినవారు రెండింటినీ ఒకటిగా పొరబడుతుంటారు.

ఈ జీవుల వల్ల మనుషులకు వచ్చే వ్యాధి పెంటాస్టోమియాసిస్. అందులో కుక్క నాలుక పురుగు, అంటే లింగ్వాటులా సెరాటా, కలిగించేదాన్ని లింగ్వాటులోసిస్ అంటారు. కుక్క, మేక, గొర్రె, పశువుల మధ్య తిరిగే జాతి ఇదే కాబట్టి తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి సంబంధించినంతవరకు దీని గురించే ఎక్కువగా తెలుసుకోవాలి.

## వర్గీకరణ

చూపుకు పురుగులే అయినా ఇవి ఏలికపాముల జాతికీ బద్దెపురుగుల జాతికీ చెందవు. రొయ్యలు, పీతలు ఉన్న క్రస్టేషియా సమూహంలోకి వస్తాయి. ఈ నిర్ణయానికి రావడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది. 1972లో వింగ్‌స్ట్రాండ్ వీటి శుక్రకణాల నిర్మాణాన్ని పరిశీలించి, చేప పేనుకు ఇవి దగ్గరి బంధువులని చూపాడు. 1989లో ఏబెల్, కిమ్, ఫెల్గెన్‌హావర్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ పోలికలతో అదే మాటను బలపరిచారు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల రైతులను ఏటా నష్టపరిచే ఆర్గ్యులస్ ఆ చేప పేనే.

ఈ సమూహం చాలా పాతది. స్వీడన్‌లో సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి కేంబ్రియన్ రాళ్లలో వీటి డింభకాలను పోలిన శిలాజాలు దొరికాయి. ఇంగ్లండ్‌లోని హెర్ఫర్డ్‌షైర్‌లో ఒక చిన్న క్రస్టేషియన్ జీవికి అతుక్కుని ఉన్న 42.5 కోట్ల ఏళ్ల నాటి శిలాజాన్ని 2015లో వర్ణించారు. నేల మీద వెన్నెముక జంతువులు పుట్టకముందే ఈ పరాన్నజీవనం మొదలైందన్న మాట.

నేడు తెలిసిన జాతులు సుమారు 130. వాటిలో చాలా భాగం పాములు, బల్లులు, మొసళ్ల ఊపిరితిత్తుల్లో ఉంటాయి. దక్షిణ భారతంలో పరిచయమైన జెర్రిపోతు పాములో కిరిసెఫాలస్ పట్టోనీ అనే జాతి బతుకుతుంది. ఇంటి గోడల మీది బల్లుల్లో రయిలియెటియెల్లా జాతులుంటాయి. బొద్దింకలను తినడం వల్ల అవి బల్లికి చేరతాయి. క్షీరదాల ముక్కులో పూర్తి వయసుకు పెరిగేది లింగ్వాటులా ప్రజాతి ఒక్కటే.

## శరీర నిర్మాణం

నోటికి ఇరువైపులా రెండేసి చొప్పున నాలుగు కొక్కేలుంటాయి. తొలి పరిశీలకులు వాటిని కూడా నోళ్లనే అనుకుని ఐదు నోళ్ల జీవి అనే అర్థంలో శాస్త్రీయ నామం పెట్టారు. ఆ కొక్కేలతోనే పురుగు ముక్కు లోపలి పొరను పట్టుకుని వేలాడుతుంది. శరీరం ఉంగరాలు పేర్చినట్టు ఉంటుంది. లింగ్వాటులా సెరాటాలో ఇలాంటి వలయాలు దాదాపు 90. గుండె, శ్వాసాంగాలు, విసర్జనాంగాలు ఉండవు.

ఆడపురుగు 8 నుంచి 13 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. మగది 2 సెంటీమీటర్లకు మించదు. పాముల్లో ఉండే జాతులు ఎక్కువగా రక్తం తాగుతాయి. కుక్క ముక్కులోనిది ముఖ్యంగా అక్కడి చీమిడి, స్రావాలు, కణజాలం మీద బతుకుతుంది. వీటి శరీర గ్రంథులు కొవ్వుతో కూడిన స్రావాన్ని వదులుతాయి. అది పైపొర మీద పల్చగా పరుచుకుని ఆతిథేయి రోగనిరోధక వ్యవస్థ దాడిని తగ్గిస్తుంది. పురుగు నెలల తరబడి ఒకే చోట ఉన్నా పెద్దగా వాపు రాకపోవడానికి ఇదొక కారణం. చచ్చిన పురుగు చుట్టూ మాత్రం వాపు బాగా కనిపిస్తుంది.

## జీవితచక్రం

లింగ్వాటులా సెరాటా బతుకు రెండు జంతువుల మధ్య సాగుతుంది. కుక్క, నక్క, తోడేలు నిశ్చిత ఆతిథేయులు. అంటే పురుగు పెరిగి గుడ్లు పెట్టేది వాటి శరీరంలోనే. మేక, గొర్రె, ఆవు, గేదె, కుందేలు వంటి మేత జంతువులు మాధ్యమిక ఆతిథేయులు.

ఆడపురుగు తన జీవితకాలంలో లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. కుక్క తుమ్మినప్పుడు చీమిడితోపాటు, లేదా ఆ చీమిడిని మింగినప్పుడు పెంటతోపాటు అవి బయటపడతాయి. గుడ్డు పొడవు సుమారు 90 మైక్రోమీటర్లు, కంటికి ఆనదు. లోపల డింభకం అప్పటికే తయారై ఉంటుంది. చెమ్మ ఉన్న నేలలో, గడ్డి మీద, నీటిలో గుడ్లు వారాల తరబడి నిలుస్తాయి.

మేసే మేక గడ్డితోపాటు గుడ్డును మింగుతుంది. పేగులో డింభకం బయటికి వచ్చి, పేగు గోడను దాటి, పేగులను పట్టి ఉంచే పొరలోని లింఫ్ గ్రంథులకు చేరుతుంది. కాలేయం, ఊపిరితిత్తులు, మూత్రపిండాల్లోకీ వెళ్తుంది. అక్కడ పలుసార్లు కుబుసం విడిచి, ఆరు నెలల ప్రాంతంలో నింఫ్ దశకు వస్తుంది. నింఫ్ దాదాపు 5 మిల్లీమీటర్ల పొడవు, తెల్లగా, వరుసలు తీరిన చిన్న ముళ్లతో ఉంటుంది. అది అలాగే గ్రంథిలో ఏళ్ల తరబడి ఎదురుచూడగలదు.

ఆ గ్రంథిని గానీ కాలేయాన్ని గానీ కుక్క పచ్చిగా తింటే నింఫ్‌లు దాని గొంతు మీదుగా ముక్కులోకి పాకుతాయి. ఇంచుమించు ఆరు నెలల్లో అవి ముదిరి గుడ్లు పెట్టడం మొదలవుతుంది. ఆడపురుగు ఏడాదికి పైగా, కొన్నిసార్లు రెండేళ్ల దాకా బతుకుతుంది.

మనిషి ఈ చక్రంలోకి రెండు చోట్ల పొరపాటున జొరబడతాడు. గుడ్డు మింగితే మేక స్థానంలో, నింఫ్ మింగితే కుక్క స్థానంలో నిలుస్తాడు. వ్యాధి రూపాలు రెండు కావడానికి మూలం ఇదే.

## అధ్యయన చరిత్ర

కుక్క నాలుక పురుగుకు లింగ్వాటులా సెరాటా అన్న పేరు 1789లో ఫ్రోలిష్ పెట్టాడు. 1847లో ప్రూనర్ కైరోలో మనిషి కాలేయంలో ఈ సమూహపు నింఫ్‌లను వర్ణించాడు. అవి ఆఫ్రికా పాముల్లో ఉండే ఆర్మిలిఫర్ జాతివి. 1854లో జెంకర్ జర్మనీలో శవపరీక్షల్లో లింగ్వాటులా నింఫ్‌లను గుర్తించాడు. కుందేలులోని నింఫ్, కుక్క ముక్కులోని పెద్ద పురుగు ఒకే జీవి రెండు దశలని ప్రయోగాలతో తేల్చిన ఘనత లాయ్‌కార్ట్‌ది. 1860లో వెలువడిన ఆయన గ్రంథం ఈ సమూహ అధ్యయనానికి పునాది.

## మనుషుల్లో వ్యాధి

### అవయవాల్లో కనిపించే రూపం

పురుగు గుడ్లు చేరిన నీళ్లు, ఆకుకూరలు, చేతుల ద్వారా ఈ రూపం వస్తుంది. నింఫ్‌లు కాలేయం, ఊపిరితిత్తులు, పేగుపొర, లింఫ్ గ్రంథుల్లో చిన్న తిత్తులుగా ఉండిపోతాయి. చాలామందికి ఏ బాధా ఉండదు. నింఫ్ చచ్చాక దాని చుట్టూ నారపొర ఏర్పడి, క్రమంగా సున్నం పేరుకుంటుంది. వేరే జబ్బుకు ఎక్స్‌రే తీసినప్పుడో ఆపరేషన్ చేసినప్పుడో ఇది బయటపడుతుంది.

ఎక్కువ నింఫ్‌లు ఉంటే కడుపునొప్పి, జ్వరం, పేగు అడ్డు, ఊపిరితిత్తుల పొరలో వాపు రావచ్చు. ఇలాంటి తీవ్ర కేసులు ఎక్కువగా పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో ఆర్మిలిఫర్ వల్ల కలుగుతాయి. అక్కడ కొండచిలువ, రక్తపింజర జాతి పాముల మాంసం తినడం, వాటిని కోసిన చేతులు కడుక్కోకపోవడం కారణాలు. మలేషియాలో 1969లో ప్రచురితమైన అధ్యయనంలో అక్కడి ఆదివాసుల శవపరీక్షల్లో 45.4 శాతంలో ఈ నింఫ్‌లు కనిపించాయి. వారిలో ఎక్కువమంది మరణానికి మాత్రం ఈ పురుగు కారణం కాదు.

### గొంతు, ముక్కు రూపం

ఇది పచ్చి కాలేయం, పచ్చి గ్రంథులు తినేచోట కనిపిస్తుంది. లెబనాన్‌లో దీన్ని హల్జూన్ అంటారు. సూడాన్‌లో పచ్చి కాలేయం, ఇతర లోపలి భాగాలతో చేసే మర్రారా వంటకం పేరే వ్యాధికీ వచ్చింది. 1965లో ఖలీల్, షాకర్ ఈ రెండింటికీ లింగ్వాటులాకూ ఉన్న సంబంధాన్ని వివరించారు. ఇరాన్‌లోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

తిన్న కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లో గొంతులో దురద, గుచ్చినట్టు నొప్పి, దగ్గు, తుమ్ములు, ముక్కు కారడం మొదలవుతాయి. మింగడం కష్టమవుతుంది, గొంతు బొంగురుపోతుంది. చెవినొప్పి, ముఖం వాపు, ముక్కు నుంచి రక్తం కూడా రావచ్చు. చాలా కేసులు ఒకటి రెండు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. గొంతు లోపల వాపు పెరిగి ఊపిరి అందకపోవడం అరుదైన ప్రమాదం. మనిషి ముక్కులో పురుగు పూర్తిగా ఎదగడం చాలా అరుదు.

### కంటి రూపం

నింఫ్ కంట్లోకి చేరిన కేసులు ప్రపంచంలో కొద్దిగానే ఉన్నా పర్యవసానం తీవ్రం. కన్ను ఎర్రబడటం, నొప్పి, చూపు మందగించడం లక్షణాలు. 2014లో చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు కంటి ముందు గదిలో లింగ్వాటులా సెరాటా ఉన్న ఒక కేసును ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో ప్రచురించారు. అదే ఏడాది కాంగోలోని సంకురు ప్రాంతం నుంచి ఆర్మిలిఫర్ గ్రాండిస్ వల్ల వచ్చిన కంటి కేసులు వెలువడ్డాయి. పెద్ద వైద్యానికి చెన్నై, వేలూరు వెళ్లే చిత్తూరు సీమ వారికి ఈ చెన్నై కేసు దూరపు దేశపు వార్త కాదు. అందులోని రోగి గ్రామీణ ప్రాంతం నుంచి వచ్చినవారే.

## జంతువుల్లో వ్యాధి

కుక్కల్లో తరచూ తుమ్ములు, ముక్కు నుంచి చీమిడి, ఒక్కోసారి నెత్తురు, ముక్కును పాదంతో రుద్దుకోవడం కనిపిస్తాయి. వాసన పట్టే శక్తి తగ్గవచ్చు. చాలా కుక్కలు ఏ లక్షణమూ లేకుండానే గుడ్లు చల్లుతుంటాయి. రొమేనియా నుంచి దత్తతకు తీసుకువెళ్లిన వీధికుక్కల ద్వారా ఈ పురుగు బ్రిటన్ పశువైద్యుల దృష్టికి వచ్చింది.

మేకలు, గొర్రెలు, పశువులు పైకి ఆరోగ్యంగానే ఉంటాయి. కోసినప్పుడు పేగుపొరలోని గ్రంథులు ఉబ్బి, మెత్తబడి, నల్లగా లేదా గోధుమరంగులో కనిపిస్తాయి. అలాంటి గ్రంథిని చీల్చి గోరువెచ్చని నీటిలో ఉంచితే నింఫ్‌లు బయటికి పాకుతాయి. ఖరీదైన పరికరం ఏదీ అవసరం లేని పరీక్ష ఇది. దక్షిణ భారతపు పశుసంపదలో ఈ నింఫ్‌లు ఉన్నట్టు కేరళ పశువైద్య పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం చూపింది.

## దక్షిణ రాయలసీమలో పరిస్థితులు

తిరుపతి, చిత్తూరు జిల్లాలు ఎక్కువ భాగం మెట్ట నేల. వానాధారపు వేరుశనగతోపాటు పాడి ఆవులు, గొర్రెలు, మేకలు చాలా ఇళ్లకు ఆధారం. మందతో కాపలా కుక్క తిరుగుతుంది. ఊళ్లో, పట్టణంలో వీధికుక్కలుంటాయి. శేషాచలం, కౌండిన్య అడవుల అంచుల్లో నక్కలూ తిరుగుతాయి. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలంలో కుక్క కుటుంబానికి చెందిన రేచుకుక్కలు కూడా ఉన్నాయి. లింగ్వాటులా చక్రానికి కావలసిన రెండు రకాల జంతువులూ ఇక్కడ పక్కపక్కనే బతుకుతున్నాయి.

మాంసాన్ని పచ్చిగా తినే అలవాటు ఈ ప్రాంతపు వంటలో లేదు. బోటి, తలకాయ, కాళ్లు, కార్జం అన్నీ బాగా ఉడికించి, కారం మసాలాతో రాగిసంగటిలోకి తింటారు. నింఫ్ ఆ ఉడుకుకు బతకదు. కాబట్టి హల్జూన్ తరహా వ్యాధికి ఇక్కడి భోజనం దారి ఇవ్వదు. బోటి తింటే నాలుక పురుగు వస్తుందన్న భయం అనవసరం. బోటిని శుభ్రం చేసేవారు మాత్రం పచ్చి పేగులు పట్టుకున్న చేతులను, కత్తిని, పీటను సబ్బుతో కడగాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది మాంసం కోసే చోట. ఆదివారం పొద్దున రోడ్డు పక్క మటన్ అంగడి ముందు, పెళ్లి విందు జరిగే ఇంటి వెనక, మొక్కు తీర్చుకున్న గుడి దగ్గర మేకను కోసి, పనికిరాని పేగుపొర, గ్రంథులు, చెడిన కాలేయపు ముక్కలను కాలువలోకో కుక్కలకో వేయడం మామూలు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో జరుగుతుంది. ఆ రోజుల్లో మొక్కుల కోసం కోసే మేకలు, పొట్టేళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. కుక్క నోటికి అందిన ఆ పచ్చి గ్రంథే పురుగుకు రెండో సగం బతుకునిస్తుంది. ఆరు నెలల తర్వాత అదే కుక్క తుమ్ములతో గుడ్లు మళ్లీ మేత బీళ్లకు, కొత్తిమీర మడులకు, పిల్లలు ఆడే వీధికి చేరతాయి. ఇందులో కుక్క తప్పేమీ లేదు. దానికి ఆ ముక్క వేసింది మనుషులే.

చట్టం ఈ విషయాన్ని ముందే ఊహించింది. 2001 నాటి వధశాలల నియమాల ప్రకారం లైసెన్సు గల వధశాలలోనే, పశువైద్యుడు పరీక్షించాకే జంతువును కోయాలి. ఒక వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జంతువులకు మించి పరీక్షించరాదన్న పరిమితి కూడా అందులో ఉంది. పరీక్షకు తగిన వ్యవధి ఉండాలన్నది దాని ఉద్దేశం. రోడ్డు పక్క కోతకు ఈ పరీక్ష ఏదీ జరగదు.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. 2005లో దాని చుట్టూ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. మనుషుల వైద్యానికి రుయా ఆసుపత్రి, స్విమ్స్ అదే నగరంలో ఉన్నాయి. పశువులకూ మనుషులకూ ఉమ్మడిగా వచ్చే వ్యాధులను కలిసి గమనించడానికి ఇంత దగ్గరలో రెండు రకాల సంస్థలు ఉండటం చాలా జిల్లాలకు లేని అనుకూలత.

### నివారణ

కోసిన జంతువు వ్యర్థాలను కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చడం లేదా కాల్చడం, పెంపుడు కుక్కకు ఉడికించిన మాంసమే పెట్టడం, ఆకుకూరలు పారే నీటిలో కడగడం, కుక్కను ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం ప్రధాన జాగ్రత్తలు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల కింద వీధికుక్కలకు గర్భనిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేస్తారు గాని, అవి ఈ పురుగును తొలగించవు. పేగుల్లోని పురుగులకు వేసే మామూలు మాత్రలు కూడా ముక్కులోని ఈ పురుగు మీద నమ్మకంగా పనిచేయవు. కనుక వ్యర్థాలు కుక్కకు అందకుండా చూడటమే గట్టి మార్గం.

పాముల ద్వారా వచ్చే రూపానికి ఈ ప్రాంతంలో అవకాశం స్వల్పం. పాములు పట్టేవారు, వాటికి చికిత్స చేసేవారు చేతి తొడుగులు వాడాలి. వియత్నాంలో మందుగా బతికిన బల్లులను మింగినవారికి రయిలియెటియెల్లా సోకిన ఉదంతాలున్నాయి. నాటువైద్యం పేరుతో అలాంటిది ఎవరు చెప్పినా వినరాదు.

## నిర్ధారణ

తిత్తుల రూపంలో ఉన్నప్పుడు ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లో సున్నం కట్టిన చిన్న మచ్చలు కనిపిస్తాయి. ఆర్మిలిఫర్ నింఫ్‌లు గుర్రపు నాడాలా వంగి ఉండటం వల్ల వాటిని గుర్తించడం కొంత సులువు. తుది నిర్ధారణ కణజాల పరీక్షతోనే. పైపొరలోని గట్టిపడిన రంధ్రాలు, ముళ్ల వరుసలు, కొక్కేలు చూసి రోగనిర్ధారణ నిపుణులు పురుగును గుర్తిస్తారు. జాతిని తేల్చడానికి పీసీఆర్ పరీక్ష తోడ్పడుతుంది. రక్తపరీక్షలు అన్నిచోట్లా దొరకవు.

తికమక పడే అవకాశం ఇక్కడే ఎక్కువ. కాలేయంలో చిన్న గడ్డ కనిపిస్తే క్యాన్సర్ వ్యాపించిందని, కడుపులో గ్రంథులు ఉబ్బితే క్షయ అని ముందుగా అనుమానిస్తారు. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఆ అనుమానం న్యాయమే. ముక్క తీసి పరీక్షించినప్పుడు నింఫ్ అవశేషం బయటపడితే రోగికి నెలల తరబడి అనవసరపు మందులు తప్పుతాయి.

## చికిత్స

లక్షణాలు లేని తిత్తులకు చికిత్స అక్కర్లేదు. గొంతు రూపంలో పురుగులను పట్టకారుతో తీసేయడం, పుక్కిలించడం, ఎలర్జీ తగ్గించే మందులు, వాపు ఎక్కువైతే స్టెరాయిడ్లు ఇస్తారు. ఊపిరి ఆడకపోతే అది అత్యవసర పరిస్థితి. కంట్లో ఉన్న నింఫ్‌ను శస్త్రచికిత్సతో తీస్తారు. ప్రాజిక్వాంటెల్, మెబెండజోల్, ఐవర్‌మెక్టిన్ వాడిన కేసులున్నాయి గాని, ఫలానా మందు ఖాయంగా పనిచేస్తుందని స్థిరపడలేదు. అవయవాల్లో ఎక్కువ నింఫ్‌లు ఒకేసారి చస్తే వాపు పెరుగుతుంది. అందుకే మందు మొదలుపెట్టేముందు వైద్యులు ఆచితూచి నిర్ణయిస్తారు.

## సంబంధిత వ్యాధులు

హైడాటిడ్ వ్యాధి ఇదే దారిలో నడిచే మరో పరాన్నజీవి వల్ల వస్తుంది. కారకం కుక్క పేగులోని ఎకైనోకాకస్ అనే చిన్న బద్దెపురుగు. గొర్రె కాలేయం, ఊపిరితిత్తుల్లోని నీటి తిత్తిని కుక్క తినడంతో చక్రం పూర్తవుతుంది. రాయలసీమకు ఇది పాత సమస్య. కర్నూలు ప్రాంతపు హైడాటిడ్ వ్యాధి విస్తృతిపై 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో అధ్యయనం వెలువడింది. నాలుక పురుగుతో పోలిస్తే మనిషికి హైడాటిడ్ చాలా ఎక్కువ హాని చేస్తుంది. తిత్తి ఏళ్ల తరబడి పెరిగి, పగిలితే ప్రాణాపాయం కలుగుతుంది. కోసిన చోట వ్యర్థాలను పూడ్చే పద్ధతి రెండు పురుగులనూ ఒకేసారి అడ్డుకుంటుంది (చూ. హైడాటిడ్ వ్యాధి, ఎకైనోకాకస్).

మూర్ఛలకు కారణమయ్యే న్యూరోసిస్టిసర్కోసిస్ పంది బద్దెపురుగు గుడ్ల వల్ల వస్తుంది. ఆ గుడ్లు మనిషి మలం నుంచి వస్తాయి, కుక్కకు అందులో పాత్ర లేదు (చూ. సిస్టిసర్కోసిస్). పచ్చి కాలేయం తిన్న తర్వాత గొంతు వాచినప్పుడు కాలేయపు చదును పురుగు ఫాసియోలా, నీటి జలగలు కూడా కారణం కావచ్చు. హల్జూన్ లక్షణాలను కొందరు పరిశోధకులు వాటికి ఆపాదించారు (చూ. ఫాసియోలా, జలగ).